పట్టకారు పెట్టకముందే

సీతంపేట కొండల్లో పన్ను నొప్పికి మొదటి మందు కిళ్లీ కొట్టులో దొరికే నొప్పి బిళ్ల. రెండోది పుప్పి రంధ్రంలో కుక్కిన లవంగమో, పొగాకు ముక్కో. మూడోది ఆర్‌ఎంపీ పొడిచే సూది. ఇవేవీ పనిచేయక, దవడ ఒకవైపు ఉబ్బి, గుక్కెడు గంజి తాగినా నరాలు జివ్వుమంటుంటే అప్పుడు మనిషి కొండ దిగుతాడు. దారిలోనే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "మామూలు పళ్ల డాక్టరు వద్దురా, ఆపరేషన్ డాక్టరు దగ్గరికి ఎల్లు." పక్కనున్నవాడు అడ్డుపడతాడు: "పన్ను పీకడానికి ఆపరేషనేటి, డబ్బులెక్కువై గాని?" ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎవరి మాట ఏ పంటికి వర్తిస్తుందన్నదే చిక్కు.

విశాఖపట్నంలో ఈ చిక్కు పెద్దది కాదు. ఒక క్లినిక్‌లో పని కాకపోతే ఆటో ఎక్కి ఇంకో క్లినిక్‌కు వెళ్తారు. కొండ మీది గూడ నుంచి వచ్చినవాళ్లకు ఒక ప్రయాణమంటే రెండు కూలిరోజులు పోయినట్టే. రోగిది ఒకటి, తోడు వచ్చినవాళ్లది ఇంకొకటి. ఆటోకు, బస్సుకు అయ్యేది వేరే. అందుకే ఇక్కడ అన్నిటికంటే ఖరీదైన పన్ను సగంలో వదిలేసిన పన్ను. పైభాగం విరిగి చేతికొచ్చింది, వేరు ఎముకలో ఉండిపోయింది, మత్తు దిగిపోతోంది, సాయంత్రం బస్సుకు వేళవుతోంది, అప్పుడు "ఇది ఇక్కడ కాదు, శ్రీకాకుళం వెళ్లండి" అని చీటీ రాసిస్తే ఆ మనిషి ఏం చేస్తాడు? చాలామంది చేసేది ఒకటే, ఇంటికి పోతారు. వారం తిరక్కుండా చీముతో తిరిగి వస్తారు. ఎవరు పీకాలన్నది పట్టకారు నోట్లో పెట్టకముందే తేలాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ముందు ఈ ఇద్దరు డాక్టర్లెవరో చూద్దాం. బోర్డు మీద 'డెంటల్ సర్జన్' అని కనబడితే కంగారు పడక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. బీడీఎస్ అన్న డిగ్రీ పేరులోనే సర్జరీ ఉంది కనుక ఆ చదువు చదివిన ప్రతివారూ అలా రాసుకుంటారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అది ఐదేళ్ల చదువు. పన్ను పీకడం అందులో నేర్చుకునే ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఇంటర్న్‌షిప్‌లో చేతికి బాగా అలవాటయ్యే పని కూడా. మన దేశంలో పీకే పళ్లలో ఎక్కువ వంతు బీడీఎస్ డాక్టర్ల చేతుల మీదుగానే పోతాయి.

ఆ తర్వాత మరో మూడేళ్లు చదివితే ఎండీఎస్. ఇక్కడ జనం తరచు పొరబడతారు. ఎండీఎస్ అంటే పెద్ద డాక్టరు, పెద్ద డాక్టరంటే ఆపరేషన్ డాక్టరు అనుకుంటారు. ఎండీఎస్‌లో తొమ్మిది శాఖలున్నాయి. పళ్లకు క్లిప్పులు వేసి సరిచేసేవారు ఎండీఎస్. చిన్నపిల్లల పళ్లు చూసేవారు ఎండీఎస్. కట్టుడు పళ్లు పెట్టేవారు ఎండీఎస్. కష్టమైన పన్ను తీయించుకోవడానికి మనం వెతకాల్సింది 'ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ' చదివినవారిని. బోర్డు మీద పొట్టిగా ఓఎంఎఫ్ఎస్ అని కూడా రాస్తారు. నోరు, దవడలు, ముఖం ఎముకలు వీరి పని. బైకు మీద నుంచి పడి దవడ విరిగితే కలిపి కట్టేదీ, దవడ ఎముకలో పెరిగిన తిత్తిని తీసేదీ, మెడదాకా దిగిన చీమును కోసి బయటికి పంపేదీ వీరే. ఇద్దరిలో ఎవరైనా దంతవైద్య మండలిలో నమోదైనవారే అయి ఉండాలి. 1948 నాటి దంతవైద్యుల చట్టం నుంచి ఇది నియమం. నమోదు నంబరు లేని చేతికి నోరు అప్పగించకూడదు. అలాంటి చోట శుభ్రం చేయని పనిముట్టు ఒకరి రక్తంలోని హెపటైటిస్ బి వైరస్‌ను ఇంకొకరికి చేరవేయగలదు.

ఇక పన్ను సంగతి. పీకడంలో బలం పాత్ర జనం అనుకున్నంత లేదు. వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నటి నార పొర ఉంటుంది. పంటిని పట్టి ఉంచేది అదే. లిగ్నోకెయిన్ అనే మత్తు సూది వేసి డాక్టరు కాసేపు ఆగుతారు. కింది దవడ దంతమైతే సూదిని నోటి వెనక భాగంలో, నరం ఎముకలోకి దూరే చోట వేస్తారు. కొన్ని నిమిషాల్లో కింది పెదవి ఆ పక్క సగం మొద్దుబారుతుంది. "పెదవి బరువెక్కిందా?" అని అడిగేది ఆ సూది సరైన చోట పడిందో లేదో తెలుసుకోవడానికే. ఎక్కకపోతే ఎక్కలేదనే చెప్పాలి. డాక్టరు ఏమనుకుంటారో అని "ఆ, ఎక్కింది బాబూ" అంటే బాధ పడేది మనమే.

మత్తెక్కాక ఎలివేటర్ అనే సన్నమొన పనిముట్టును పంటికీ ఎముకకూ మధ్య దూర్చి మెల్లగా తిప్పుతారు. నార తెగుతుంది, ఎముక గూడు కొద్దిగా వెడల్పవుతుంది, పన్ను కదులుతుంది. అప్పుడుగానీ పట్టకారు రాదు. దానితోనైనా గుంజరు. దౌడ పళ్లను బుగ్గవైపుకూ నాలుకవైపుకూ ఊపి వదులు చేస్తారు. ఒకే వేరున్న ముందు పన్నైతే గుండ్రంగా తిప్పి తీస్తారు. నొక్కుడు తెలుస్తుంది, ఎముకలో కరకర చప్పుడు చెవికి వినిపిస్తుంది. పోటు మాత్రం ఉండకూడదు. ఉంటే చెయ్యెత్తి ఆపమనడం రోగి హక్కు.

చిగుళ్ల జబ్బుతో ఊగిపోతున్న పన్ను, పిల్లల పాలపన్ను, ముందు వరుస పన్ను, పుచ్చినా పట్టకారుకు అందేంత పైభాగం మిగిలిన దౌడపన్ను, ఇవన్నీ బీడీఎస్ డాక్టరు పని. వీటికోసం సర్జన్ను వెతుక్కుంటూ విశాఖ బస్సెక్కడం డబ్బు దండగ. పెద్ద ఆసుపత్రిలో అదే పని అదే పట్టకారుతో జరుగుతుంది.

మరి ఏ పన్ను చిన్న చేతికి లొంగదు? దీనికి కళ్లతో చూసి చెప్పే జవాబు చాలదు. చిగురు పైన కనబడేది పంటిలో సగం కూడా కాదు. ఎక్స్‌రే కావాలి. ఒక్క పంటికి తీసే చిన్న ఎక్స్‌రే చాలాసార్లు సరిపోతుంది. దాన్ని లైటుకు పెట్టి చూసేటప్పుడు డాక్టరు కళ్లు పంటి పుప్పి మీద ఉండవు, వేర్ల మీద ఉంటాయి. కింది పెద్ద దౌడపంటికి రెండు వేర్లు, పైదానికి మూడు. అవి నిటారుగా దిగాయా, కొక్కెంలా వంగాయా, బాగా ఎడంగా విచ్చుకున్నాయా? వేరు చివర మొద్దుగా ఉబ్బి ఉందా? వేరుకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సన్నటి నల్లగీత కనబడుతోందా, లేక రెండూ అతుక్కుపోయాయా? పైదవడలోనైతే వేర్ల కొసలు బుగ్గ ఎముక లోపలి గాలిగది అంచును తాకుతున్నాయా? తాకితే, పన్ను వచ్చాక నోటికీ ఆ గదికీ మధ్య రంధ్రం పడవచ్చు. అప్పుడు నోట్లో పోసుకున్న నీళ్లు ముక్కులోంచి వస్తాయి. దాన్ని కుట్లువేసి మూయాలి.

వేరు వైద్యం, అంటే రూట్ కెనాల్, చేయించుకున్న పాత పన్ను ఇంకో రకం. అది పెళుసుబారి ఉంటుంది. పట్టకారు బిగించగానే పెంకులు పెంకులుగా రాలుతుంది. పైభాగం ఎప్పుడో విరిగిపోయి చిగురు కింద వేరు మాత్రమే మిగిలిన పన్నూ అంతే. ఇలాంటి వాటిని తీయడానికి చిగురును కోసి వెనక్కి మడిచి, కొంచెం ఎముకను డ్రిల్లుతో తొలిచి, పంటిని రెండు మూడు ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కే తీసి, కుట్లువేస్తారు. అనుభవం ఉన్న బీడీఎస్ డాక్టర్లలో కొందరు ఇదీ చక్కగా చేస్తారు. అందుకే డిగ్రీ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "ఒకవేళ వేరు విరిగితే ఇక్కడే తీయగలరా, పంపిస్తారా?" ఈ ప్రశ్న అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు. తడుముకోకుండా జవాబు చెబుతారు. "పంపిస్తాం" అన్నది సిగ్గుపడాల్సిన జవాబు కాదు. ఎక్స్‌రే చూసి, పంటిని ముట్టుకోకుండా, "ఇది సర్జన్ తీయాల్సింది" అని రాసిచ్చిన డాక్టరు ఆ రోగికి ఒక ప్రయాణం మిగిల్చినట్టే.

జ్ఞానదంతం గురించి విడిగా చెప్పాలి, సర్జన్ దగ్గరికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దానికోసమే వెళ్తారు కనుక. పదిహేడు, పాతికేళ్ల మధ్య నోటి చివర వచ్చే ఈ పంటికి చాలామంది దవడలో చోటుండదు. పక్కకు ఒరిగి, ముందు పంటికి తలపెట్టి, సగం చిగురు కిందే ఆగిపోతుంది. పైనున్న చిగురు మడతలో అన్నం మెతుకులు ఇరుక్కుని చీము పడుతుంది, నోరు తెరుచుకోదు. కింది జ్ఞానదంతం వేర్ల కిందుగా ఎముకలో ఒక సొరంగం ఉంటుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం అందులోంచే పోతుంది. ఎక్స్‌రేలో అది రెండు తెల్లగీతల మధ్య నల్లటి దారిలా కనిపిస్తుంది. వేరు నీడ ఆ దారి మీద పడి, అక్కడ తెల్లగీత చెదిరిపోయి కనబడితే ఆ పన్ను సర్జన్‌దే. దీనికి చిన్న ఎక్స్‌రే చాలదు. రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఓపీజీ కావాలి, కొన్నిటికి సీబీసీటీ స్కాన్ కూడా. నరం నలిగితే పెదవి మొద్దుబారి వారాలో, నెలలో ఉండిపోతుంది. అరుదుగా ఎప్పటికీ పోదు. నాలుక నరం కూడా అక్కడే, ఎముకకు లోపలి పక్కన ఉంటుంది.

అలాగని నొప్పీ వాపూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయించుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2000లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది: జబ్బు లేని జ్ఞానదంతాలను తీయవద్దని. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ కాలేజీ వయసు పిల్లలకు నాలుగింటినీ ఒకేసారి, నిద్రమత్తు ఇచ్చి, ఓరల్ సర్జన్ తీసేయడం మామూలు. డల్లాస్‌లో మనవడికి అలా చేశారని విని ఇక్కడి తాతగారు తన ఊగే పంటికి కూడా పూర్తి మత్తు కావాలని అడుగుతుంటారు. ఆ పంటికి చిగురులో వేసే సూదే మేలు, పూర్తి మత్తు కంటే ఎంతో నయం.

పన్ను సులువుదే అయినా మనిషి వల్ల కష్టమైపోయే సందర్భాలున్నాయి. ఏజెన్సీలో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడేనని నా అభిప్రాయం. ఎందుకంటే కొండ ప్రాంతాల జబ్బులు కొన్ని పట్నం డాక్టరుకు వెంటనే స్ఫురించవు.

వాటిలో మొదటిది సికిల్ సెల్. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే ఈ పుట్టుజబ్బు గిరిజనుల్లో ఎక్కువ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ కార్యక్రమం 2047 నాటికి దీన్ని రూపుమాపాలని లక్ష్యం పెట్టుకుంది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయడం అందులో భాగం. ఆ పరీక్షకూ పంటికీ సంబంధం ఉంది. సికిల్ సెల్ జబ్బున్నవారికి ఒళ్లు ఎండిపోయినా, చలి తగిలినా, చీము పట్టినా ఒంటినొప్పుల దాడి మొదలవుతుంది. పరగడుపున కొండ దిగి, ఎండలో లైన్లో నిలబడి, భయంతో నీళ్లయినా తాగకుండా కుర్చీ ఎక్కిన మనిషికి ఈ మూడింటిలో రెండు అప్పటికే ఉన్నట్టు. ఇలాంటివారికి చిగురులో వేసే మత్తు సూదితో పన్ను తీయవచ్చు గాని, రక్తం ఎంతుందో చూసి, కడుపునిండా నీళ్లు తాగించి, చీము ఉంటే మందులతో అదుపు చేసి తీయాలి. పూర్తి మత్తు అవసరమైతే పెద్ద ఆసుపత్రిలోనే. ఇంకో మెలిక కూడా ఉంది. సికిల్ సెల్ దాడిలో పళ్లన్నీ బాగున్నా దవడ నొప్పి పుట్టవచ్చు. పుప్పి కనబడని పంటికి నొప్పి ఉంటే, పీకేముందు ఈ అనుమానం రావాలి. పరీక్ష చేయించుకున్నప్పుడు ఇచ్చిన కార్డు ఇంట్లో సూరుకు చెక్కి రాకుండా వెంట తెచ్చుకోవాలి.

రెండోది మలేరియా. మలేరియా జ్వరంలో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. జ్వరంలో ఉన్నప్పుడు పన్ను పీకితే రక్తం ఆగడం కష్టమవుతుంది. ముందు జ్వరానికి వైద్యం, ఆ తర్వాతే పన్ను. వర్షాకాలంలో వణుకుతో వచ్చిన రోగికి రక్తపరీక్ష చేయకుండా పట్టకారు ముట్టకూడదు.

మిగతావి అందరికీ వర్తించేవే. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవారు, పక్షవాతం వచ్చి వాడేవారు పన్ను కోసమని వాటిని సొంతంగా మానేయకూడదు. మానితే పన్ను రక్తం కంటే పెద్ద ప్రమాదం రావచ్చు. గుండె కవాటం మార్పించుకున్నవారికి పన్ను తీయడానికి గంట ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. షుగరు అదుపులో లేకపోతే గాయం మానదు. క్యాన్సర్‌కు దవడ మీద రేడియేషన్ తీసుకున్నవారికీ, ఎముకల గట్టిదనానికి జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి సూదులు వేయించుకున్నవారికీ పన్ను తీసిన చోట ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంటుంది. వీళ్ల పన్ను ఎంత వదులుగా ఉన్నా సర్జన్ చూడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు విషంతో సమానం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చుట్టాలున్నవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ డాక్టరుకు తెలియాలంటే రోగి చెప్పాలి. అక్కడే బండి ఆగుతుంది.

"మామ్మా, మందులేవైనా వాడుతున్నావా?"

"నేనేటి వాడతాను బాబూ? ఏటీ లేవు."

"బీపీకి గాని, గుండెకు గాని?"

"ఆశా అమ్మి ఇస్తాది కదా, తెల్లది ఒకటి, పసుపుది ఒకటి. అవి రోజూ ఏసుకుంతాను. అవి మందులేటి, బిళ్లలు."

ఈ సంభాషణ ఏ ప్రభుత్వ ఆసుపత్రి గదిలోనైనా వినబడుతుంది. సవర మాట్లాడే ముసలివాళ్లకు తెలుగులో అడిగితే ఇదీ రాదు, తలూపుతారు. అందుకే మందుల అట్టలు, పాత చీటీలు ఒక సంచిలో వేసి తెచ్చి బల్ల మీద గుమ్మరించడం మేలు. నోటిమాట కంటే అదే నమ్మకం.

పొగాకు మాట లేకుండా శ్రీకాకుళం వైపు నోటి గురించి రాయలేం. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఈ ప్రాంతపు ఆడవాళ్లలో ఎంత పాతుకుపోయిందో 1971లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫలి మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, అంగిలి మీద వచ్చే మచ్చలు, పుండ్ల గురించి బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ప్రచురించారు. నిప్పు వేడి తగిలేది అంగిలికి కనుక క్యాన్సర్ కూడా ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు అడ్డపొగ తగ్గిందనుకున్నా ఖైనీ, గుట్కా ఆ చోటు భర్తీ చేశాయి.

పన్ను పీకడానికి దీనితో పనేమిటంటే, నోటి క్యాన్సర్ మొదట్లో పంటి జబ్బులా కనిపించవచ్చు. పుప్పి లేదు, మిగతా పళ్లు గట్టిగానే ఉన్నాయి, ఒక్క పన్ను మాత్రం ఉన్నట్టుండి ఊగుతోంది. పక్కన చిగురు ఎర్రగానో తెల్లగానో గరుకుగా ఉంది. రెండు వారాలు దాటినా మానని పుండు ఉంది. కింది పెదవి కారణం లేకుండా తిమ్మిరెక్కింది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పంటిని ఎవరూ పీకకూడదు, సులువుగా వచ్చేలా ఉన్నా సరే. ముందు సర్జన్ చూసి, పుండు ముక్క తీసి పరీక్షకు పంపాలి. పీకిన గుంత నెలైనా మానకుండా అందులో కండ పెరుగుతుంటే అదీ ఇలాగే చూపించాల్సిన లక్షణం.

సర్జన్, మామూలు డాక్టరు అన్న తర్కానికి తావే లేని సందర్భం ఒకటుంది. కింది దౌడపంటి చీము గడ్డం కిందికి దిగడం. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించాడు కనుక దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. గడ్డం కింద రెండు పక్కలా చెక్కలా గట్టిపడుతుంది. నాలుక పైకి లేస్తుంది. చొంగ కారుతుంది, మింగుడు పడదు, గొంతు మారిపోతుంది. తర్వాత ఊపిరి అందదు. ఈ దశలో పళ్ల క్లినిక్‌లు తిరగకూడదు. 108కి ఫోన్ చేసి, మత్తు డాక్టరు, సర్జన్, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. నోరు రెండు వేళ్లు పట్టనంతగా బిగుసుకుని, జ్వరంతో వాపు పెరుగుతుంటే ఇంకా ఊపిరి ఆడుతున్నప్పుడే బయల్దేరాలి. ఆర్‌ఎంపీ వేసే స్టెరాయిడ్ సూది ఇక్కడే కొంప ముంచుతుంది. వాపు ఒకరోజు తగ్గుతుంది, చీము లోలోపల పాకుతూనే ఉంటుంది.

మరి సీతంపేట నుంచి వెళ్లేదెక్కడికి? 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక కాగితాల మీద జిల్లా కేంద్రం పార్వతీపురం. కానీ ఈ కొండల రోగుల దారి ఇప్పటికీ పాలకొండ మీదుగా శ్రీకాకుళానికే. మొదటి మెట్టు స్థానిక ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగమే కావాలి. సీతంపేటలోనో, పాలకొండలోనో ఆ రోజు దంతవైద్యులున్నారా, ఎక్స్‌రే పనిచేస్తోందా అన్నది బయల్దేరేముందు ఆశా కార్యకర్త చేతనో, ఏఎన్‌ఎం చేతనో ఒక ఫోన్ చేయించి తెలుసుకుంటే ఒక రోజు కూలి మిగులుతుంది. చాలా పళ్లు అక్కడే, ఖర్చు లేకుండా వచ్చేస్తాయి.

అక్కడ కాదన్న వాటికి రెండో మెట్టు శ్రీకాకుళం. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, జనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటారు. శ్రీ సాయి దంతవైద్య కళాశాల కూడా ఆ ఊళ్లోనే ఉంది. దంతవైద్య కళాశాల అనగానే "పిల్ల డాక్టర్లు మన మీద నేర్చుకుంటారు" అని వెనకాడేవాళ్లుంటారు. వాళ్లు నేర్చుకునేది నిజమే, పైన ప్రొఫెసర్లు ఉంటారన్నదీ నిజమే. కష్టమైన పంటికి ఎక్స్‌రే, ఓరల్ సర్జన్, అవసరమైతే ఇతర శాఖలవాళ్లు ఒకే కప్పు కింద దొరికే చోటు అది. ఫీజు కూడా ప్రైవేటు క్లినిక్ కంటే చాలా తక్కువ. నాకైతే కష్టమైన జ్ఞానదంతానికి ఊరి మధ్య మెరిసే క్లినిక్ కంటే ఇదే నయమనిపిస్తుంది. ఆ పై మెట్టు విశాఖ కేజీహెచ్, అక్కడి ప్రైవేటు దంతవైద్య కళాశాలలు. రాష్ట్ర ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. అంత దూరం ఈ పనికి ఎవరూ పోనక్కర్లేదు.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అనే ప్రభుత్వ పథకం మామూలు పన్ను పీకుడుకు పనికిరాదు. దవడ విరిగినా, గడ్డ తీయాల్సి వచ్చినా, క్యాన్సరైనా ఆసుపత్రి గుమ్మంలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగాలి.

ఇంతా చెప్పి, అసలు పీకించుకోవాలా అన్నది అడగకపోతే తప్పవుతుంది. రెండు మూడు సార్లు తిరగగలిగినవాళ్లకు, డబ్బు పెట్టగలిగినవాళ్లకు చాలా పళ్లు వేరు వైద్యంతో నిలబడతాయి. దౌడపన్ను పోతే ఎదుటి పన్ను ఆ ఖాళీవైపు జారుతుంది, పక్క పళ్లు ఒరుగుతాయి. కొండ మీది మనిషికి మూడు సార్లు శ్రీకాకుళం తిరగడం కుదరదంటే, ఆ సంగతి డాక్టరుతో నేరుగా చెప్పి పీకించుకోవడం అజ్ఞానమేమీ కాదు. ఉన్న పరిస్థితిలో అది సరైన లెక్కే. పద్దెనిమిదేళ్ల ఆశ్రమ పాఠశాల పిల్లకు మాత్రం ఆ లెక్క వేయకూడదు. ఆ పన్ను ఆమెకు ఇంకో యాభై ఏళ్లు కావాలి.

పన్ను తీశాక పని దాదాపు అంతా రోగి చేతిలోనే. దూది ఉండను ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టాలి, మాటిమాటికి తీసి చూడకూడదు. ఆ రోజంతా పుక్కిలించడం, ఉమ్మడం వద్దు. గుంతలో కట్టిన గడ్డే గాయానికి మందు, ఉమ్మితే అది లేచిపోతుంది. చల్లార్చిన చోడి అంబలి ఆ పూటకు అన్నిటికంటే మంచి తిండి. జీలుగు కల్లు, చుట్ట, ఖైనీ కనీసం మూడు రోజులు ముట్టకూడదు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించాలి. రాత్రి రక్తం కారితే శుభ్రమైన గుడ్డ మడిచి మళ్లీ అరగంట కొరకాలి. అప్పటికీ ఆగకపోతే తెల్లవారేదాకా చూడకూడదు.

మూడో రోజు నొప్పి తగ్గాల్సింది పోయి చెవిదాకా పాకితే, నోరు కంపు కొడితే, గుంతలో గడ్డ లేచిపోయి ఎముక బయటపడిందన్నమాట. పొగతాగేవాళ్లలో, కింది జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. చాలామంది డాక్టరు వేరు వదిలేశాడని తిట్టుకుంటూ ఇంకో డాక్టరును వెతుక్కుంటారు. దీనికి సర్జన్ అక్కర్లేదు. పన్ను తీసిన డాక్టరు దగ్గరికే వెళ్తే గుంత కడిగి, మందు గుడ్డ పెడతారు. నొప్పి ఆ రోజే చాలావరకు దిగుతుంది.